నివురు గప్పిన నిప్పు – ఇటుక బట్టీ పాఠము

రాత్రి వంట ముగిసిన పిమ్మట పొయ్యిలోని నిప్పులను విడదీసి పరచినచో నవి కొంతసేపటికే నల్లబడి చల్లారును. ఆ నిప్పులనే యొకచోట ప్రోగుచేసి బూడిద కప్పినచో తెల్లవారువరకు నారక నిలుచును. నిప్పు రెండు తావులను నొకటియే. బూడిద గాలిని మితముగా చొరనిచ్చును. వేడిని బయటకు పోనీయదు. "నివురు గప్పిన నిప్పు" అని మన పెద్దలు పలుకు మాటను విద్యార్థులందఱు నెఱుగుదురు గాని, దానిలోని ప్రకృతిశాస్త్రమును విచారించినవారు కొలదిమంది. ఆ శాస్త్రమునే యాధారము చేసికొని, పెరటిలో ఇటుకలతో కట్టు పిజ్జా బట్టీని గూర్చి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఈ విషయమునే యేల యెన్నుకొంటిమని కొందఱడుగవచ్చును. మన పాఠశాలలో చదువు పిల్లల తండ్రులలో తాపీమేస్త్రీలు కలరు. ఇప్పుడు పట్టణములలో హోటళ్లవారును, తోట యిండ్ల యజమానులును ఇట్టి బట్టీలను కట్టింప గోరుచున్నారు. గోడయు కమానును చక్కగా కట్ట నేర్చిన మేస్త్రీ యైనను, కంటికి కనబడని యొక పొరను విడిచిపెట్టినచో, ఎన్ని కట్టెలు వేసినను బట్టీ తగినంత కాగదు. యజమాని సొమ్ము వ్యర్థమగును; మేస్త్రీకి కూలియు పేరును పోవును. కావున నీ పాఠమును విద్యార్థులు చదివి యింట వినిపింపవలెనని మా కోరిక.

పిజ్జా యనునది ఇటలీ దేశమందలి నేపుల్సు నగరపు రొట్టె. ఆ నగరమునకు సమీపమున నున్న వెసూవియసు అగ్నిపర్వతము క్రీ. శ. 79వ సంవత్సరమున బ్రద్దలైనపుడు పాంపేయి పట్టణము బూడిదలో పూడిపోయెను. దానిని త్రవ్వినవారికి గుమ్మటములు గల రొట్టెల బట్టీలు పెక్కు కానవచ్చినవి. 1862వ సంవత్సరమున త్రవ్విన యొక బట్టీలో మాడి బొగ్గైన రొట్టెలు 81 దొరకినవి. నాటి బట్టీకిని, నేడు నేపుల్సులో పిజ్జా కాల్చు బట్టీకిని ఆకారమున పెద్ద భేదము లేదు. ఆ నగరపు పిజ్జా పనివారి విద్యను యునెస్కో సంస్థ 2017వ సంవత్సరమున మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. అక్కడి బట్టీలలో వేడి 400 డిగ్రీల సెంటీగ్రేడునకు మించియుండును. రొట్టె 60 మొదలు 90 సెకనులలో కాలును.

బట్టీలో రొట్టెకు వేడి మూడు త్రోవల చేరును. క్రింది నేల నుండి వహనము చేతను, లోపల తిరుగు వేడిగాలి నుండి సంవహనము చేతను, పైనున్న గుమ్మటము నుండి వికిరణము చేతను చేరును. ఈ మూడింటిలో వికిరణము విశేషమైనది. ఒక వస్తువు వెలువరించు వికిరణము దాని పరమోష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతము ననుసరించి పెరుగునని పై తరగతులవారు చదివియుందురు. 250 డిగ్రీల గుమ్మటముకంటె 450 డిగ్రీల గుమ్మటము మూడున్నర రెట్లకు మించిన వేడిని రొట్టెపై కురిపించును. అందుచేతనే రొట్టె లోపల తడి యారక మునుపే పైన దోరగా కాలును. ఇట్లు కాల్చుటకు మంటకంటె ముందు ఇటుకలు కాగవలెను. మంట ఇటుకను కాచును. ఇటుక రొట్టెను కాల్చును.

ఇచ్చట విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలసిన భేద మొకటి కలదు. వేడిని దాచుట వేఱు. దాచిన వేడిని కాచుట వేఱు. బరువైన ఇటుక వేడిని దాచును. లోపలి అడ్డుకొలత 40 అంగుళములు గల బట్టీకి గుమ్మటపు ఇటుకయు నేల ఇటుకయు కలిసి అర టన్నునకు తక్కువ కాదు. అంత బరువు కాగినచో గంటల తరబడి వేడి నిలువవలసినదే. కాని ఇటుక తాను దాచిన వేడిని వెలుపలి గాలికిని, క్రింది కాంక్రీటునకును ఇచ్చివేయుచునే యుండును. దానిని ఆపుటకు లోపల గాలిని బంధించిన తేలికయైన అధమవాహక మొకటి చుట్టును ఉండవలెను. మంచుగడ్డను రంపపుపొట్టులో పాతిపెట్టుట యందఱు చూచినదే. అచ్చట పొట్టు వెలుపలి వేడిని లోనికి రానీయదు. ఇచ్చట కప్పు లోపలి వేడిని వెలుపలికి పోనీయదు. నియమ మొక్కటియే.

దీనిని లెక్కవేసి చూతము. మందమును ఉష్ణవాహకతచే భాగించినచో నిరోధము వచ్చును. ఇటుక వాహకత, వాట్లు, మీటరు, డిగ్రీల కొలతలో, సుమారు 1. గుమ్మటముపై కప్పు సిరామిక్ నూలు కంబళి వాహకత సుమారు 0.1. నాలుగున్నర అంగుళముల ఇటుక, అనగా 0.114 మీటరు, నిరోధము 0.114. మూడు అంగుళముల కంబళి, అనగా 0.076 మీటరు, నిరోధము 0.76. రెండును కలిసి 0.874. లోపలికిని వెలుపలికిని గల ఉష్ణభేద మొక్కటే యైనచో, వట్టి ఇటుక గోడనుండి పోవు వేడిలో ఏడవ వంతుకంటె తక్కువయే కప్పు గల గోడనుండి పోవును. అట్లు పోనీయని వేడి యంతయు వంటచెరకు ఆదాయే.

ఇక కట్టు క్రమము. మొదట నడుము ఎత్తున అరుగు కట్టి దానిపై నాలుగు అంగుళముల కాంక్రీటు పలక వేయవలెను. ఆ పలకపై నేరుగా నేల ఇటుకలు పరచుటయే తఱచుగా జరుగు పొరపాటు. అట్లు చేసినచో నేల వేడిని పలక పీల్చుకొనును. రొట్టె పైన మాడి క్రింద పచ్చిగా నుండును. అధికమైన వేడికి కాంక్రీటు బలమును కోల్పోవును. కావున పలకకును నేలకును నడుమ నాలుగు అంగుళముల అధమవాహకపు పొర యుండవలెను. వెర్మిక్యులైటు అను తేలికయైన ఖనిజమును ఐదు పాళ్లును, సిమెంటు నొక పాలును కలిపి ఈ పొర వేయుదురు. ఆ ఖనిజము నెల్లూరు జిల్లాలో దొరకును. దీనిపై సన్నని ఇసుక పరచి, రసమట్టముతో సరిచూచి, నేల ఇటుకలను సున్నము గాని సిమెంటు గాని లేకుండ ఒకదాని నొకటి తాకునట్లు అమర్చవలెను. అట్లు చేసినచో పగిలిన ఇటుకను తీసి వేఱొకటి పెట్టవచ్చును.

గుమ్మటమునకు మేస్త్రీలు ఫైరు బ్రిక్కులని పిలుచు అగ్నిసహమైన ఇటుకలనే వాడవలెను. వీని కొలత 9 అంగుళములు, 4½ అంగుళములు, 3 అంగుళములు. సగమునకు కోసి వరుసలు పేర్చినచో గోడ మందము 4½ అంగుళములగును. వట్టి సిమెంటు అడుసు ఇంత వేడికి నిలువదు. ఇసుక మూడు పాళ్లు, సిమెంటు, సున్నము, ఫైరు క్లే ఒక్కొక్క పాలు కలిపినది పనికివచ్చును. లోపలి యెత్తు 20 అంగుళములైనచో ద్వారపు టెత్తు 12½ అంగుళములుండవలెను. చల్లగాలి ద్వారము క్రింది భాగమున చొచ్చి, పొగ పై భాగమున వెలువడును. ద్వారము మరీ ఎత్తైనచో వేడి పోవును; మరీ పొట్టిదైనచో మంటకు గాలి చాలదు. పొగగొట్టమును గుమ్మటము నడినెత్తిన గాక, ద్వారమునకు ముందు కమాను పైన నిలుపవలెను.

గుమ్మటము ముగిసిన పిమ్మట సిరామిక్ కంబళిని మూడు అంగుళముల మందము కప్పి, వెర్మిక్యులైటు గిలాబా చేసి, వాన చొరకుండ పై పూత వేయవలెను. కంబళి దొరకనిచోట వెర్మిక్యులైటు పొరనే మందముగా వేయుదురు. మన ధాన్యపు మిల్లుల ఊక బూడిదయు వేడిని చక్కగా ఆపును. ఉక్కు కర్మాగారములలో కరగిన లోహము చల్లారకుండ దీనినే పైన చల్లుదురు. పచ్చి ఊకను మాత్రము వాడరాదు, అది కాలిపోవును. కంబళి నూలును, ఊక బూడిద ధూళియు ఊపిరితిత్తులకు హాని చేయును గనుక, తగిన మాస్కు లేనిదే యే పనివాడును వీనిని తాకరాదు. పాత ఆస్బెస్టాసు రేకులను ఎన్నడును ఉపయోగింపరాదు.

ఈ కప్పునకు పరమశత్రువు నీరు. నీటి ఉష్ణవాహకత నిశ్చలమైన గాలికంటె ఇరువది రెట్లకు మించినది. తడిసిన కప్పు కప్పు కాదు. వర్షములును తుపానులును గల మన తీరమున బట్టీపై చిన్న పందిరియైనను రేకైనను తప్పక యుండవలెను. క్రొత్త బట్టీలో కట్టుబడి నీరు నిలిచియే యుండును. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,700 రెట్లు వ్యాపించును. తొందరపడి మొదటి దినముననే పెద్ద మంట వేసినచో ఆ యావిరి గుమ్మటమును చీల్చును. కావున కట్టిన పిదప వారము దినములు ఆగి, మొదటి దినమున 150 డిగ్రీలు మించని చిన్న మంట వేసి, పిదప దినమునకు 30 డిగ్రీల చొప్పున పెంచుచు మఱియొక వారము కాచవలెను. తుదకు పూర్ణమైన మంట వేసినపుడు, మసిపట్టి నల్లబడిన గుమ్మటము ఆ మసి కాలిపోయి తెల్లబడును. ఇటుకలు కాగినవనుటకు అదియే గుర్తు. ఎండిన కట్టెలనే వాడవలెను. రంగు వేసిన చెక్కలను కాల్చరాదు. మూసిన గదిలో ఇట్టి మంట వేయరాదు. చిన్నపిల్లలను ద్వారమునకు దూరముగా నుంచవలెను.

యజమానులు ఖర్చు తగ్గింప గోరునపుడు మొదట తీసివేయు మనునది పైకి కనబడని యీ పొరనే. రంగుల పలకలకు సొమ్మిచ్చి, కప్పునకు చేయి బిగబట్టుదురు. అట్టి వేళ మేస్త్రీ వినయముగనే యైనను గట్టిగా చెప్పవలెను: "అయ్యా, పలకలు వచ్చే యేడు వేయించుకొనవచ్చును, ఈ పొర నిపుడు విడిచినచో మరల గుమ్మటము విప్పక వేయలేము." నేల క్రింది పొర విషయమున నీ మాట మఱింత నిజము.

విద్యార్థులకు మేము నియమించు అభ్యాస మిది. ఒకే కొలత గల రెండు గ్లాసులలో సమానముగా వేడినీరు పోసి మూతపెట్టుడు. ఒకదానిని బల్లపై నుంచి, రెండవదానిని బుట్టలో క్రిందను చుట్టును పైనను ఎండిన ఊక పెట్టి కప్పుడు. పావుగంట కొకసారి చొప్పున రెండు గంటలు ఉష్ణమాపకముతో కొలిచి గీతపటము వ్రాయుడు. మఱునాడు ఊకను తడిపి మరల చేయుడు. మూడు గీతలను ఒక్క కాగితముపై గీసి యింట పెద్దలకు చూపుడు. పాఠము చదువుట రానివారికిని ఆ గీతలు బోధపడును. బట్టీ కట్టబోవు చేతికి అవియే దారిచూపును.