కాచిగూడ స్టేషన్ కథ

ఛత్రినాకకు దగ్గరలో ఉప్పుగూడ స్టేషన్ ఉంది. ఒక ఆదివారం పొద్దున అత్తాకోడళ్ళు ఇద్దరు అక్కడ లోకల్ రైలు ఎక్కారు. వాళ్ళు మహబూబ్‌నగర్ పోవాలి. కాచిగూడలో దిగి పెద్ద రైలు ఎక్కాలి.

అత్త కిటికీ పక్కన కూర్చుంది. ప్రతి స్టేషన్‌లో బోర్డు చూస్తోంది. యాకుత్‌పుర, దబీర్‌పుర, మలక్‌పేట. కూడబలుక్కుని చదువుతోంది.

"కాచిగూడ రాంగనే నేను చెప్త కద అత్తమ్మా! ఎందుకు తిప్పలు?" అంది కోడలు.

"వద్దు బిడ్డా, నేనే చదువుత" అంది అత్త. తర్వాత మెల్లగా పాత సంగతి చెప్పింది.

"చానా ఏండ్ల కింద మా అన్నకు పానం బాగ లేదని కబురొచ్చింది. ఒక్కదాన్నే బయలెల్లిన. నాకు చదువు రాదు. ఎవర్నన్న అడుగుదామంటే సిగ్గయింది. కాచిగూడ అనుకొని మలక్‌పేటలనే దిగిన. ఊరి రైలు తప్పిపోయింది. నేను పోయేసరికి అన్న లేడు. ఆఖరి చూపు దక్కలే."

కోడలు ఏమీ మాట్లాడలేదు. అత్త చెయ్యి పట్టుకుంది.

రైలు ఆగింది. పసుపు బోర్డు మీద నల్లని అక్షరాలు. "కా చి గూ డ" అని అత్త చదివింది. ఇద్దరూ దిగారు.

పెద్ద రైలుకు ఇంకా గంట టైము ఉంది. బయటికి వచ్చి స్టేషన్ భవనాన్ని చూశారు. పైన గుమ్మటాలు, మినార్లు. చూస్తే ఏదో మహల్ లాగా ఉంది.

ఎవరు కట్టించారు?

ఈ భవనం 1916లో కట్టారు. అప్పుడు హైదరాబాద్ రాజ్యాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలించేవాడు. నిజాం రైల్వేకు కాచిగూడ ముఖ్య కేంద్రం.

మన దగ్గరికి రైలు అంతకు ముందే వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం వేశారు. ఒకప్పుడు రైళ్ళను లండన్‌లోని ఒక కంపెనీ నడిపేది. లాభం తగ్గితే నిజాం ఖజానా నుంచి ఇస్తామని హామీ ఉండేది. ఖజానా అంటే జనం కట్టిన పన్నుల డబ్బే కదా! 1930లో నిజాం ప్రభుత్వమే రైల్వేను తీసుకుంది. తర్వాత అది భారత ప్రభుత్వం చేతికి వచ్చింది.

కాచిగూడ నుంచి ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా రైళ్ళు పోయేవి. అక్కడ బండి మారి బొంబాయి పోవచ్చు. అప్పుడు పట్టాల మధ్య వెడల్పు ఒక మీటరే. తర్వాత వెడల్పు పట్టాలు వేశారు.

ఆడవాళ్ళ దారి

ఆ రోజుల్లో పరదా పాటించే స్త్రీలు ఉండేవారు. వాళ్ళు పరాయివాళ్ళ కంట పడకుండా రైలు ఎక్కాలి. అందుకోసం ఈ స్టేషన్‌లో వేరే ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఆడవాళ్ళు అందరితో పాటు ముందు ద్వారం నుంచే వస్తున్నారు. టికెట్ కొంటున్నారు. ఉద్యోగాలకు పోతున్నారు. గోడలు పాతవే, కాలం మారింది.

పాతది ఉంచాలా, కూల్చాలా?

ముంబైలో కూడా పాత స్టేషన్ ఉంది. దాన్ని 1888లో కట్టడం ముగించారు. విక్టోరియా రాణి పేరు పెట్టారు. ఇప్పుడు అది ఛత్రపతి శివాజీ పేరుతో ఉంది. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. రైళ్ళు మాత్రం రోజూ నడుస్తూనే ఉన్నాయి.

సికింద్రాబాద్‌లో వేరేగా జరిగింది. జనం పెరిగారు, చోటు చాలలేదు. కొత్త స్టేషన్ కోసం పాత ముందు భవనాన్ని 2025లో కూల్చారు. చోటు అవసరమే. కానీ కూల్చింది మళ్ళీ రాదు. కాచిగూడలో పాత భవనాన్ని వాడుకుంటూనే కాపాడుకుంటున్నారు. మరమ్మతు చేస్తే పాత ఇల్లు కూడా నిలుస్తుంది. గోడ మీద ఉమ్మకుండా, గీతలు గీయకుండా ఉండడం మన వంతు.

రైలు వచ్చే వేళయింది. కోడలు లేచింది.

"ఏ ప్లాట్‌ఫారమో అడిగి వస్త, కూసోండ్రి అత్తమ్మా."

"అడుగుడెందుకు? బోర్డు మీద రాసి ఉంది" అంది అత్త. తానే ముందు నడిచింది.

చెప్పండి

1. అత్త అన్న ఆఖరి చూపు ఎందుకు దక్కలేదు?
2. కాచిగూడ స్టేషన్ ఏ సంవత్సరంలో కట్టారు?
3. మీ బస్తీలో పాత కట్టడం ఏది? దాని గురించి పెద్దవాళ్ళను అడిగి నాలుగు మాటలు రాయండి.