తాగిందా, కారిందా, కలిసిందా?

మన సీఎస్‌ఈ వాళ్ళకి బగ్ రిపోర్ట్ ఎలా వస్తుందో తెలుసు. యూజర్ "యాప్ పని చేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాడు. లారీ షెడ్డుకి వచ్చే ఫిర్యాదులూ అలాగే ఉంటాయి. "డీజిల్ తాగేస్తోంది", "ఆయిల్ తినేస్తోంది", "నీళ్ళు నిలవట్లేదు". గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు దాకా హైవే పక్కన ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ మాటలు చెవిన పడతాయి.

ఇంజిన్‌లో పోసింది ఏదీ మాయమైపోదు. బయటికి కారాలి, లోపల కాలాలి, లేకపోతే పక్కదాంట్లో కలవాలి. దారులు ఈ మూడే. అయితే అంతకంటే ముందు అసలు తగ్గిందా, ఎంత తగ్గింది అనేది కొలవాలి. ఈ కొలత దగ్గరే మనుషుల మధ్య గొడవలు మొదలవుతాయి.

మా మేనమామకి పది చక్రాల లారీ ఉంది. సీజన్‌లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, మిగతా రోజుల్లో పత్తి బేళ్ళు తోలుతుంది. లీటరుకి 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 3.5కి పడిపోయింది. తేడా అర కిలోమీటరే కదా అనిపిస్తుంది. కానీ 700 కిలోమీటర్ల ట్రిప్పుకి 175 లీటర్ల బదులు 200 పడతాయి. ఆ 25 లీటర్లు ఎక్కడికి పోయాయని అడిగితే ఓనర్ చూపు డ్రైవర్ మీదికే పోతుంది. మామయ్య జీతంలో కోస్తానన్నాడు. "తాగింది బండి, నేను కాదు బాబూ" అన్నాడు డ్రైవర్ బాబాయ్ నాతో.

ఇలాంటప్పుడు కొలత ఎలా ఉండాలంటే, సమంగా ఉన్న చోట ట్యాంకు మూతి దాకా నింపాలి. ట్రిప్పు అయ్యాక అదే బంకులో, అదే చోట, మళ్ళీ మూతి దాకా నింపాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఖర్చు. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మి లెక్క కట్టకూడదు. లోడుతో వెళ్ళిన ట్రిప్పుని ఖాళీగా వచ్చిన ట్రిప్పుతో పోల్చకూడదు. ఇవన్నీ సరిచూశాకే టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు చూడాలి. మా బండిలో దొరికింది బ్రేకే. పెద్దగా బ్రేకు వాడకుండా నడిపి ఆపినా వెనక ఒక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. అంటే బ్రేకు పట్టేసి ఉంది, బండి ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ పోతోంది. అది సరిచేశాక మైలేజీ మళ్ళీ 4 దగ్గరికి వచ్చింది, జీతం కోత మాట పోయింది.

డీజిల్ కారితే ఆ చోట తడికి దుమ్ము అట్టకట్టి తెలిసిపోతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉండే పైపు మాత్రం తికమక పెడుతుంది. పంపు లాగుతున్నప్పుడు అక్కడ చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే బండి స్టార్ట్ కాక సతాయిస్తే అక్కడ చూడండి. ఆయిల్ తగ్గడానికి బదులు డిప్ స్టిక్ మీద మట్టం పెరిగితే సంతోషించకండి. డీజిల్ గానీ నీళ్ళు గానీ అందులోకి దిగుతున్నాయన్నమాట. డీజిల్ కలిసిన ఆయిల్ పల్చబడి వాసన వస్తుంది.

ఇక ఆయిల్. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. అలాగని వెంటనే "ఇంజిన్ దించేద్దాం" అనడం తొందరపాటు. సీజన్ మధ్యలో ఇంజిన్ దించితే ఆ సంపాదన పోయినట్టే. బ్రీదర్ పైపు నుంచి పొగ గట్టిగా తన్నుతుంటే రింగుల మీద అనుమానం. అది మామూలుగానే ఉండి, టర్బో నుంచి వెళ్ళే గాలి గొట్టం విప్పితే లోపల ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బో సీలు. పల్చటి తడి ఉండటం మామూలే. కార్లు బాగుచేసేవాళ్ళకి తట్టని దారి ఇంకోటి ఉంది. బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఇంజిన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. దాని రింగులు అరిగితే ఆయిల్ గాలి ట్యాంకులోకి పోతుంది. ట్యాంకు కింద డ్రైన్ లాగితే నీళ్ళతో పాటు ఆయిల్ బాగా చిమ్ముతుంది.

నీళ్ళ కేసు అన్నిటికన్నా చిక్కు. చిన్న లీకు వేడి ఇంజిన్ మీద ఆవిరైపోతుంది, కింద చుక్క కనపడదు. కూలెంట్ పోస్తే ఆరినచోట రంగు మరక మిగులుతుంది. బోరు నీళ్ళు పోస్తే ఆ ఆధారం కూడా ఉండదు, పైగా లోపల తుప్పు, గార. ఇంజిన్ చల్లారాకే (వేడి మీద మూత తిప్పితే మొహం కాలుతుంది) రేడియేటర్‌కి ప్రెషర్ టెస్టర్ పెట్టి గాలి కొట్టాలి. ముల్లు పడిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలే. పత్తి, మిర్చి తోలే బండ్లలో ముందుగా రేడియేటర్ రెక్కలు కూడా చూడాలి. నూగు, దుమ్ము పట్టి గాలి ఆడక నీళ్ళు మరిగి పొంగిపోతుంటే, ఇంజిన్ ఎంత విప్పినా లీకు దొరకదు.

లోపలి లీకుల్లో నాకు బాగా నచ్చింది ఆయిల్ కూలర్. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ నీళ్ళ ప్రెషర్ కన్నా ఎక్కువ. అందుకే కూలర్ పగిలితే ముందు రేడియేటర్‌లో ఆయిల్ తేలుతుంది. ఆపేశాక ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, నీళ్ళలో ఇంకా కాస్త ఉంటుంది, అప్పుడు దారి తిరగబడుతుంది. రేడియేటర్‌లో బుడగలు వస్తూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఈజీఆర్ కూలర్‌ని కూడా వదలకూడదు. అది లీకైతే కూలెంట్ తెల్లటి ఆవిరిగా సైలెన్సర్ నుంచి పోతుంది.

ఆయిల్‌లో నీళ్ళు ఉన్నాయో లేదో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున సంపు డ్రైన్ బోల్టు కొంచెం వదులు చేస్తే సరి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. వస్తే సంపు దించి, రేడియేటర్‌కి మళ్ళీ గాలి కొట్టి, కింద పడుకుని టార్చి వేసి చూడాలి. ఏ లైనర్ అంచున చుక్క దిగుతోందో, దాని రబ్బరు రింగులు పోయినట్టు.