సార్ట్ చేసిన జాబితాలు కలపాలా? ఇవిగో చిట్కాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 20 వేల రూపాయలైంది. డబ్బు పంచే చోట జాబితాలు తప్పవు. ఒక పేరు రెండుసార్లు పడితే గొడవ, అసలు పడకపోతే అంతకన్నా పెద్ద గొడవ. నెల్లూరు తీరంలో కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలున్న ఇంటికి ‘ఈ రెండు ఫైళ్లూ కాస్త కలిపి పెట్టు’ అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అలాంటప్పుడు ఇవి పనికొస్తాయి.

1. ఉన్న వరసను చెడగొట్టకండి. రెండు ఫైళ్లూ అక్షరక్రమంలో ఉన్నాయంటే సగం పని అయిపోయినట్టే. మొదటి ఫైల్లో ఒక్కో పేరు పట్టుకుని రెండో ఫైలంతా గాలిస్తే, చెరో 10 వేల పేర్లకు పది కోట్ల పోలికల దాకా పోతుంది. వరసను వాడుకుంటూ కలిపితే 20 వేల లోపే.

2. చెరో జాబితా మీద ఒక వేలు పెట్టండి. మొదటి దాంట్లో ఇస్కపల్లి, కోడూరు, మైపాడు, రామతీర్థం ఉన్నాయి. రెండో దాంట్లో కృష్ణపట్నం, కోడూరు, జువ్వలదిన్నె, మైపాడు. వేళ్ల కింద ఉన్న రెండు పేర్లలో ఏది ముందొస్తే అది రాసి, ఆ వేలు మాత్రమే కిందికి జరపండి. ఇస్కపల్లి రాస్తాం, తర్వాత కృష్ణపట్నం. ఇప్పుడు రెండు వేళ్ల కిందా కోడూరే ఉంది కాబట్టి ఒక్కసారి రాసి రెండు వేళ్లూ జరుపుతాం. ఆపైన జువ్వలదిన్నె, మళ్లీ రెండిట్లోనూ మైపాడు. రెండో జాబితా అయిపోయింది. మిగిలిన రామతీర్థాన్ని పోల్చే పనే లేదు, ఉన్నదున్నట్టు దించేయడమే. ఐదు పోలికల్లో ఆరు ఊళ్లు వచ్చాయి.

3. రాసిన పేరును జాబితాలోంచి తీసేయకండి. పైథాన్ లిస్టులో మొదటి పేరు తీసేసినప్పుడల్లా వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. ఫైలు పెద్దదయ్యే కొద్దీ ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. వేలికి బదులు ఒక ఇండెక్స్ పెట్టుకుని దాన్ని ఒకటి చొప్పున పెంచండి, చాలు.

4. చివరగా రాసిన పేరు గుర్తుంచుకోండి. ఒకే జాబితాలో ఒక పేరు రెండుసార్లు పడి ఉండొచ్చు. వరసలో ఉన్నాయి కాబట్టి ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి. కొత్తది రాసే ముందు, కిందటిసారి రాసింది ఇదేనా అని చూస్తే సరిపోతుంది. అంతకు ముందు రాసినవేవీ తిరగేయనక్కర్లేదు.

5. రెండిటి వరసా ఒకే పద్ధతిలో ఉందో లేదో చూడండి. ఇంటి నంబర్లను అక్షరాలుగా సార్ట్ చేస్తే 100, 12, 9 అని వస్తాయి. అంకెలుగా చేస్తే 9, 12, 100. ఒక ఫైలు ఇలా, ఇంకోటి అలా ఉంటే ప్రోగ్రాం ఏ తప్పూ చూపించకుండానే డూప్లికేట్లను వదిలేస్తుంది.

6. ‘మైపాడు’ను ఓసారి పరీక్షించండి. యూనికోడ్‌లో ‘మై’ని రెండు రకాలుగా దాచొచ్చు. మ తర్వాత ఐత్వం ఒకే గుర్తుగా పెట్టొచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు గుర్తు విడిగా పెట్టొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. అందుకే కలపడానికే కాదు, సార్ట్ చేయడానికి కూడా ముందే రెండు ఫైళ్లనూ, విడి గుర్తులను ఒకటిగా కలిపే ఎన్‌ఎఫ్‌సి రూపంలోకి మార్చండి. పేర్ల చివర ఖాళీలుంటే అవీ అప్పుడే తీసేయండి.

7. పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే కాడు. పెంచలకోన స్వామి పేరు పిల్లలకు పెట్టుకునే జిల్లాలో ఒకే ఊళ్లో ఇద్దరు పెంచలయ్యలు ఉండటం వింత కాదు. పేరును బట్టి డూప్లికేట్ తీసేస్తే ఒక ఇంటి సాయం ఎగిరిపోతుంది. ఇంకొకరికి ఉండని గుర్తింపు నంబరును బట్టి సార్ట్ చేయండి, దాన్ని బట్టే పోల్చండి. మనిషి ఒకరేనని తేలాక కూడా రెండో లైనును గుడ్డిగా పారేయొద్దు. ఒకదాంట్లో లేని ఫోన్ నంబరు రెండోదాంట్లో ఉండొచ్చు.

8. సెట్ ఎప్పుడు వాడాలో తెలుసుకోండి. జాబితాలు ముందే వరసలో లేకపోతే అన్నిటినీ డూప్లికేట్లు ఉంచని సెట్‌లో పోసి, ఆ తర్వాత సార్ట్ చేయడమే సుఖం. వరసలో ఉన్నవాటిని పోస్తే చేతిలో ఉన్న వరస పోతుంది. పైథాన్‌లో అయితే రెండు లిస్టులనూ ఒకదాని వెనక ఒకటి చేర్చి సార్ట్ చేసినా పెద్ద నష్టం లేదు. 2002లో పైథాన్ కోసం టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్, అప్పటికే వరసలో ఉన్న భాగాలను గుర్తుపట్టి కలుపుతుంది. తర్వాత నాలుగో చిట్కా వాడితే డూప్లికేట్లు పోతాయి.

9. ఊళ్లు ఎక్కువైతే జతలుగా కలపండి. ఎనిమిది జాబితాలను ఒక్కోటిగా చేర్చుకుంటూ పోతే మొదటి ఊరి పేర్లను ఏడుసార్లు రాయాలి. రెండేసి చొప్పున కలిపితే మూడు విడతల్లో తేలిపోతుంది. పైథాన్‌లో హీప్‌క్యూ మాడ్యూల్‌లోని మెర్జ్ అన్నిటినీ ఒకేసారి కలుపుతుంది గానీ డూప్లికేట్లను ముట్టుకోదు. అక్కడా నాలుగో చిట్కానే గతి.

10. ఫైలు మెమరీలో పట్టకపోయినా కంగారొద్దు. కలిపేటప్పుడు ఒక్కో ఫైలు నుంచి ఒక్క లైను చేతిలో ఉంటే చాలు. లినక్స్‌లో సార్ట్ కమాండుకు ఎమ్, యు ఆప్షన్లు కలిపి ఇస్తే ఈ పనంతా అదే చేసి పెడుతుంది. ఫైళ్లు ముందే వరసలో ఉన్నాయని అది మీ మాట నమ్ముతుంది, మళ్లీ సరిచూడదు. సి ప్లస్ ప్లస్‌లోని సెట్ యూనియన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒక జాబితాలోనే ఒక పేరు మూడుసార్లు ఉంటే, కలిపాక కూడా మూడుసార్లు ఉంచుతుంది.

11. ఇచ్చేముందు లెక్క సరిచూడండి. ఏ జాబితాలోనూ లోపల డూప్లికేట్లు లేకపోతే, రెండిటి మొత్తంలోంచి ఉమ్మడి పేర్ల సంఖ్య తీసేస్తే కలిపిన జాబితా లెక్క రావాలి. పై ఊళ్లకు నాలుగు, నాలుగు కలిపి ఎనిమిది, రెండు పోతే ఆరు. ఒక ఫైలు ఖాళీగా ఉంచి, రెండు ఫైళ్లూ ఒకటే ఇచ్చి, ఒక్క పేరూ కలవకుండా ఇచ్చి ప్రోగ్రాం నడపండి. ఈ మూడిటికీ లెక్క కుదిరాకే అసలు ఫైళ్లు ముట్టుకోండి.