రిలే బోర్డు: ఆరు మిల్లీమీటర్ల పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాయమని అడిగారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చదువుతున్నాము. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఫోన్‌తో లైటు వేసే బోర్డు మనమే చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. కానీ అందులో కష్టమైన భాగం ఫోనూ కాదు, ప్రోగ్రామూ కాదు. 230 వోల్టులను 5 వోల్టుల నుంచి దూరంగా ఉంచడమే అసలు పని.

బాయి కాడి రిలే

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెటూరి పిల్లలకు రిలే కొత్త వస్తువు కాదు. మోటరు డబ్బాలోని ఆటో స్టార్టరులో ఉండేది అదే. వ్యవసాయానికి కరెంటు విడతలుగా, అందులోనూ రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో మా బాపు టార్చిలైటు పట్టుకొని బాయి కాడికి పోయేవాడు. చీకటి, తడి కాళ్లు, పొర ఊడిన తీగలు, పాముల భయం. ఆటో స్టార్టరు పెట్టిన తర్వాత ఆ రాత్రి నడక తప్పింది. మూడు ఫేజులూ వచ్చాయా అని అది చూసుకుంటుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, తర్వాత లోపలి రిలే పచ్చ బటన్ నొక్కిన పని చేస్తుంది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ సమయంలో ఇవే ఆటో స్టార్టర్లను తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు పోకపోతే మోటరు ఆగదు, భూగర్భ జలం అడుగంటుతుంది కదా! దీని నుంచి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. రిలే ఉన్నది మనిషి చేతిని కరెంటుకు దూరంగా ఉంచడానికి. కరెంటు వచ్చినంత మాత్రాన దానంతట అదే ఆన్ అయ్యే యంత్రానికి హద్దు ఉండాలి.

రిలే పనిచేసే తీరు

ఇనుప ముక్క చుట్టూ రాగి తీగచుట్ట ఉంటుంది. దానిలో కరెంటు పారితే అయస్కాంతమవుతుంది, పక్కనున్న రేకును లాగుతుంది, కాంటాక్టులు కలుస్తాయి. చుట్టకు ఇచ్చేది 5 వోల్టులు, కాంటాక్టుల్లో పారేది 230 వోల్టులు. ఈ రెంటి మధ్య తీగ సంబంధం లేదు, అయస్కాంత బలమొక్కటే వారధి. ఈ ఎడబాటును మన బోర్డు చెడగొట్టకూడదు.

మేము చేసిన తప్పు

డిగ్రీ రెండో ఏట మేము మొదటి బోర్డు చేశాము. చవకగా ఉంటుందని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటరుతో 5 వోల్టులు తయారుచేశాము. లైటు వెలిగింది, చప్పట్లు కొట్టారు. ఇంతలో ఒక తమ్ముడు 5 వోల్టుల తీగ ముట్టుకొని చెయ్యి విదిలించుకున్నాడు. అదృష్టం, వాడు చెప్పులు వేసుకొని ఉన్నాడు.

5 వోల్టులు షాక్ ఎలా కొట్టింది? ఆ పద్ధతిలో 5 వోల్టుల వైపు గ్రౌండు నేరుగా మెయిన్స్ తీగకే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే ఆ తీగ ఫేజు అవుతుంది. రెండు తీగల మధ్య 5 వోల్టులే, కానీ ఆ రెండూ నేలతో పోలిస్తే 230 వోల్టుల మీద ఉన్నాయి. పైగా లెక్క చూడండి: 50 హెర్ట్జ్ దగ్గర 1 మైక్రోఫారడ్ కెపాసిటరు అడ్డు సుమారు 3,180 ఓములు. 230ని దానితో భాగిస్తే 72 మిల్లీ ఆంపియర్లు. వైఫై చిప్పు ఒక్కోసారి 300 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే ఆ పద్ధతి ప్రమాదకరమే కాదు, పనికి కూడా చాలదు.

సరైన బోర్డుకు ఆరు సూత్రాలు

1. సప్లై: మెయిన్స్‌తో సంబంధం తెంచిన మాడ్యూలే వాడాలి. ఉదాహరణకు హెచ్ఎల్‌కే-పీఎం01 మాడ్యూలు 5 వోల్టుల దగ్గర 600 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. దాని ముందు ఫేజు తీగలో ఫ్యూజు, ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య వేరిస్టరు తప్పనిసరి.

2. డ్రైవింగ్: 5 వోల్టుల రిలే చుట్ట సుమారు 70 ఓములు, అంటే 71 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఈఎస్‌పీ8266 పిన్ను ఇవ్వగలిగేది 12 మాత్రమే. అందుకే మధ్యలో బీసీ547 వంటి ట్రాన్సిస్టరు, దాని బేస్‌కు 1 కిలో ఓము.

3. డయోడు: చుట్ట ఆగిన క్షణంలో ఎదురు వోల్టేజీ పుట్టి ట్రాన్సిస్టరును చంపేస్తుంది. చుట్టకు అడ్డంగా 1ఎన్4007 డయోడును తిరగేసి పెట్టాలి.

4. ఫేజు: రిలే ఫేజునే తెంచాలి, న్యూట్రల్‌ను కాదు. న్యూట్రల్ తెంచితే లైటు ఆరినా హోల్డరులో ఫేజు ఉంటుంది. బల్బు మార్చేవాళ్లకు షాక్ కొడుతుంది.

5. దూరం: మెయిన్స్ రాగి గీతకు, 5 వోల్టుల గీతకు మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు, వీలైతే 8. మామూలు నీలం రిలేలో ఫేజు కలిపే కామన్ పిన్ను సరిగ్గా చుట్ట పిన్నులు రెంటి మధ్యనే వస్తుంది. అక్కడ బోర్డుకు గాడి కోయాలి. చుక్కల బోర్డు మీద మెయిన్స్ వద్దే వద్దు. దాని రంధ్రాల దూరం 2.54 మిల్లీమీటర్లు, రాగి చుక్కలు పోను 1 మిల్లీమీటరు ఖాళీ కూడా మిగలదు.

6. కరెంటు తిరిగి వచ్చినప్పుడు: ట్రాన్సిస్టరు బేస్ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు పెడితే, ప్రోగ్రాము మొదలయ్యేదాకా రిలే ఆఫ్‌లోనే ఉంటుంది. ఆటో స్టార్టరు పాఠం ఇదే.

పరీక్షించే వరుస

ముందు మెయిన్స్ లేకుండా, మొబైల్ చార్జరు 5 వోల్టులతో రిలే టక్కుమంటుందో లేదో చూడాలి. తర్వాత అన్నీ ఊడదీసి, మల్టీమీటరుతో మెయిన్స్ వైపుకు, 5 వోల్టుల వైపుకు మధ్య చూడాలి. బీప్ వస్తే ఆగిపోవాలి. ఆ తర్వాతే 60 వాట్ల పాత బల్బును సిరీస్‌లో పెట్టి మెయిన్స్ ఇవ్వాలి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు కాలదు. చివరికి ప్లాస్టిక్ డబ్బా మూత బిగించాకే వాడాలి. ఇంటి వైరింగుకు కలిపేటప్పుడు ఎంసీబీ ఆఫ్ చేసి, టెస్టరుతో చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉంచుకోవాలి. ఈ బోర్డు లైట్లకు, ఫ్యానుకే. మోటరుకు, హీటరుకు వద్దు. తమ్ముళ్లు ఒంటరిగా మెయిన్స్ జోలికి పోవద్దు.

రెండో బోర్డును మా ఇంటి అర్రలో పెట్టినప్పుడు బాపు ఫోనును చూడలేదు, ప్రోగ్రాము గురించి అడగలేదు. డబ్బా వైపు చూసి ఒకే మాట అడిగాడు: "ముట్టుకుంటే కొడ్తదా?" చదువులేని మనిషి అడిగిన ఆ ప్రశ్న మా మొదటి బోర్డు చేసినప్పుడు మాకు రాలేదు. "కొట్టది బాపూ, కొలిచి చూసినం" అన్నాము. మీరు చేసే ప్రతి బోర్డుకూ మొదట ఆ ప్రశ్నే వేసుకోండి.