ఎర్తు తీగ

పోయిన వానాకాలంలో మా వీధి వదినకు కరెంటు కొట్టింది. తడి చేత్తో గ్రైండరు ముట్టుకుంది. చెయ్యి జివ్వుమంది. విసురుకు వెనక్కి పడింది. అదృష్టం, బతికింది.

"పాత గ్రైండరు కదా టీచరమ్మా! అప్పుడప్పుడు కొడుతుంది. దానికదే అలవాటు" అంది.

నేను ప్లగ్గు చూశాను. మూడు కాళ్ళ ప్లగ్గు. దాని పెద్ద కాలు ఊడదీసి, రెండు బొక్కల సాకెట్లో పెట్టారు.

"అలవాటు గ్రైండరుది కాదు వదినా, మనది. ఆ పెద్ద కాలే ఎర్తు. మన ప్రాణం కాపాడేది అదే" అన్నాను.

కరెంటు ఎటు పోతుంది?

కరెంటు ఫేజు తీగలో వస్తుంది. న్యూట్రల్ తీగలో తిరిగి పోతుంది. లోపలి తీగ తోలు చిరిగితే కరెంటు గ్రైండరు ఇనుప డొక్కుకు పాకుతుంది. మనం ముట్టుకుంటే మన ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలో కలిపి ఉంచుతారు. కరెంటు నేలలోంచి అక్కడికి చేరుతుంది.

ఎర్తు తీగ డొక్కును నేలతో కలుపుతుంది. కాలువకు గండి కొడితే నీళ్ళు అటే పోతాయి కదా! అలాగే కరెంటులో ఎక్కువ భాగం ఎర్తు తీగలో పోతుంది. ఎర్తు బాగుంటే ఫ్యూజు కొట్టేస్తుంది.

ఎక్కడ ఎలాంటి ఎర్తు?

ఇంట్లో 230 వోల్టులు. ఆకుపచ్చ తీగ ఒకటి ప్రతి సాకెట్టుకూ ఉండాలి. అయితే 230 వోల్టుల తోపుడు తక్కువ. మట్టి పొడిగా ఉంటే చాలినంత కరెంటు పోదు. ఫ్యూజు కొట్టెయ్యకపోవచ్చు. అందుకే ఎర్తుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాలి. కొంచెం కరెంటు దారి తప్పినా అది టక్కున ఆపేస్తుంది.

చేలో మూడు ఫేజుల మోటారుకు సుమారు 400 వోల్టులు. ఇక్కడ ఒక ఎర్తు చాలదు. మోటారు డొక్కుకు రెండు వేరు వేరు ఎర్తులు ఉండాలని నిబంధన. ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే పై లైనులో 11,000 వోల్టులు. దాని ఎర్తు సబ్‌స్టేషన్‌లో ఉంటుంది. తీగ తెగి నేల మీద పడితే కరెంటు మట్టిలోంచే సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. అక్కడ లైను ఆగిపోవాలి. కానీ ఎండిన నేల మీద పడితే ఒక్కోసారి ఆగదు. అందుకే తెగిన తీగ దగ్గరికి పోవద్దు. చుట్టూ నేలలో కూడా కరెంటు ఉంటుంది. పిల్లల్నీ గొడ్లనూ దూరంగా ఉంచి, కరెంటు ఆఫీసుకు కబురు పెట్టండి.

ఎర్తు గుంట

గోడకు 5 అడుగుల దూరంలో, తేమ ఉండే చోట గుంట తీయించాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలబెట్టాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపాలి. ఎండాకాలంలో నీళ్ళు పోస్తూ ఉండాలి. మట్టి ఎండితే ఎర్తు పనిచేయదు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఇవి చేయకండి

ప్లగ్గు పెద్ద కాలు తీసెయ్యకండి.
న్యూట్రల్ తీగను డొక్కుకు కట్టకండి. అది తెగితే డొక్కంతా కరెంటే.
న్యూట్రల్ లేదని నేలలో ఇనుప కడ్డీ పాతి బల్బు వెలిగించకండి. ఆ కడ్డీ ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు.
కరెంటు తీగల పక్కన ఇనుప తీగతో దండెం కట్టకండి.

ఇప్పుడు వదిన ఇంట్లో ఎర్తు గుంట ఉంది. "తులసికోటకు పోసే చేత్తోనే దీనికీ ఓ చెంబెడు పోస్తున్నా" అని నవ్వుతుంది.

చెప్పండి

1. ప్లగ్గు పెద్ద కాలు ఎందుకు?
2. మోటారుకు ఎన్ని ఎర్తులు? ఎందుకు?
3. మీ ఇంట్లో ఎర్తు గుంట ఎక్కడుంది? ఈ రోజే చూసి రండి.