టి. నగరు అంగళ్లు – ఫోను బేరము – మన పిల్లల కొలువులు



చెన్నపట్టణములోని త్యాగరాయనగరము మనకు పరాయి చోటు కాదు. దానికి పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు దేవాంగ కులమున పుట్టిన తెలుగువారు. నల్లివారి పట్టుచీరల వ్యాపారము 1928 లో మొదలైనది. అక్కడ చీర అమ్ముడైన కొలది ఇక్కడ మగ్గమాడును. మగ్గము విడిచిన మన పిల్లలు కొందరు ఆ వీధులలోనే కొలువు చేయుచున్నారు.

ఇప్పుడు ఫోనులో చూచి కొనుట పెరిగినది. ఫ్లిప్‌కార్టు 2007 లోను, అమెజాన్ 2013 లోను మన దేశమున ఈ బేరము మొదలిడినవి. 2020 లో అంగళ్లు మూతపడినపుడు అలవాటు లేనివారు కూడ దీనికి అలవాటుపడిరి.

దీనివలన పట్టణములో పని పోవునా, పెరుగునా? పని రూపు మారునని మా అభిప్రాయము. అంగడిలో చీర అమ్ముడైనచో పరచి చూపువానికి, మడత పెట్టువానికి, బిల్లు వ్రాయువానికి, ఫాల్ కుట్టువారికి, వీధిలో పూలమ్మికి, ఆటోవానికి నాలుగు డబ్బులు దక్కును. ఫోనులో అమ్ముడైనచో ఫొటో తీయువానికి, ఊరి వెలుపలి గోదాములో పొట్లము కట్టువానికి, ఇంటికి చేర్చువానికి, తిరిగివచ్చిన సరుకు సరిచూచువానికి దక్కును. చిక్కెక్కడనగా, పని పోయినవాడొకడు, దొరికినవాడు వేరొకడు. నేత గుణము తెలిసిన నడివయసు సేల్స్‌మన్ ఆ వయసున మోటారుసైకిలెక్కి పొట్లములు మోయుట కష్టము.

కూలి పద్ధతియు వేరు. అంగడిలో నెలజీతము. పొట్లము చేర్చువానికి పొట్లమునకింత అని లెక్క. బండి తనది, పెట్రోలు తనది, ధర కంపెనీది. ఇది మనమెరుగని కథయా? మగ్గము మనది, నూలు షావుకారుది, కూలి నిర్ణయము షావుకారుది. అందుకే గదా సహకార సంఘములు పెట్టుకొంటిమి!

అంగడి పనియు సుఖము కాదు, నిలువుకాళ్ల కొలువు. 2021 లో తమిళనాడు ప్రభుత్వము చట్టమును సవరించి, పనివారికి కూర్చుండు వసతి ఉండవలెనని విధించినది. పొట్లములు చేర్చువారిని గుర్తించిన సామాజిక భద్రతా స్మృతి 2020 లో ఆమోదము పొంది, 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చినది.

సభ్యులకు మా మనవి:

1. కుర్రవానిని పట్టణము పంపుటకు ముందు జీతమా, పొట్లపు కూలియా అని అడుగుడు. రాబడినుండి పెట్రోలు, బండి వాయిదా, మరమ్మతు తీసివేసి మిగిలినదే కూలి యనుకొనుడు.

2. ఈ-శ్రమ్‌లో అతని పేరు నమోదు చేయింపుడు.

3. ఫొటోలో పవర్‌లూము చీర, మన చీర ఒక్కలాగే కనబడును. హ్యాండ్‌లూమ్ మార్కు కట్టనిదే ఏ చీరయు సంఘము గడప దాటరాదు.

వచ్చే సర్వసభ్య సమావేశమునకు పట్టణమున పనిచేయు పిల్లలను వెంటబెట్టుకొని రండు. వారి లెక్కలు వారి నోటనే విందము.