అంపైర్ కన్ను – కెమెరా కన్ను

2010 జూన్ 2. అమెరికాలోని డెట్రాయిట్ నగరం. డెట్రాయిట్ టైగర్స్, క్లీవ్‌లాండ్ జట్ల మధ్య బేస్‌బాల్ ఆట చివరి దశకు వచ్చింది. టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగా అప్పటికి 26 మందిని వరసగా అవుట్ చేశాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా బేస్ చేరలేదు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే దాన్ని ‘పర్‌ఫెక్ట్ గేమ్’ అంటారు. వందేళ్లు దాటిన మేజర్ లీగ్ చరిత్రలో ఆనాటికి అలాంటివి 20 మాత్రమే జరిగాయి.

27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ బంతిని నేలబారుగా కొట్టి మొదటి బేస్ వైపు పరుగెత్తాడు. ఇక్కడ క్రికెట్ మాత్రమే తెలిసిన మిత్రులకు ఒక్క మాట. ఇది మన రనౌట్ లాంటిదే, వికెట్లు మాత్రం ఉండవు. పరుగెత్తేవాడి కాలు ముందు బేస్‌ను తాకిందా, బేస్ మీద కాలుపెట్టి నిలుచున్న ఫీల్డర్ చేతిలో బంతి ముందు పడిందా అన్నదే లెక్క. ఆ రోజు బంతే ముందు పడింది. డొనాల్డ్ ఇంకా ఒక అంగ దూరంలో ఉన్నాడు. అయినా అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి ‘సేఫ్’ అన్నాడు.

టీవీలో మళ్లీ వేసి చూపించారు. ఇళ్లల్లో కూర్చున్నవాళ్లందరికీ తప్పు కనిపించింది. కనిపించనిది ఆ తీర్పు చెప్పిన మనిషికే. 2008 ఆగస్టు నుంచి రీప్లే చూడటానికి అనుమతి ఉన్నా, అది హోమ్ రన్ హద్దుల తగాదాలకు మాత్రమే. గలరాగా చిన్న నవ్వు నవ్వి, 28వ వాణ్ణి అవుట్ చేసి ఆట ముగించాడు. తర్వాత జాయిస్ టేపు చూసి, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. మర్నాటి ఆటకు జట్టు పేర్ల కాగితం అంపైర్‌కు అందించే పని గలరాగాకే ఇచ్చారు. ఆ కాగితం అందుకుంటూ జాయిస్ కళ్లు తుడుచుకున్నాడు. కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం తీర్పు మార్చలేదు.

అంపైర్ పొరపాటు కూడా ఆటలో భాగమే అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రీప్లే వస్తే ఆట ఊపు తగ్గుతుందనీ, బాల్టిమోర్ మేనేజర్ ఎర్ల్ వీవర్ అంపైర్ కాళ్ల మీదికి మట్టి ఎగజిమ్మి పోట్లాడినంత వినోదం మళ్లీ దొరకదనీ అంటారు. వినోదం సంగతి నిజమే కావచ్చు. కాని ఆ పొరపాటు ఖరీదు ఎవరు కట్టారో కూడా చూడాలి గదా! 1985 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో డాన్ డెంకింగర్ అనే అంపైర్ ఇలాగే మొదటి బేస్ దగ్గర అవుటైనవాణ్ణి సేఫ్ అన్నాడు. సెయింట్ లూయిస్ జట్టు ఆ ఆటా ఓడింది, ఆ మర్నాటి ఆటా ఓడింది. ఆయనకు చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. ఒక్క క్షణం పొరపాటుకు అంత శిక్షా? రీప్లే ఆటగాడికి ఎంత మేలు చేస్తుందో అంపైర్‌కూ అంతే మేలు చేస్తుందని నా అభిప్రాయం.

చివరికి 2014లో రీప్లేను చాలా రకాల తీర్పులకు విస్తరించారు. మేనేజర్ సవాలు చేస్తే, న్యూయార్కులోని ఒక గదిలో కూర్చున్న అంపైర్లు అన్ని కెమెరాల బొమ్మలూ చూసి తేలుస్తారు. మొదటి ఏడాది పరిశీలించిన వాటిలో దాదాపు సగం తీర్పులు మారాయి. దీన్ని పట్టుకుని, అంపైర్లు సగం తప్పులే చెబుతారని అనేవాళ్లను చూశాను. అది లెక్క తెలియని మాట. ప్రతి జట్టుకూ వీడియో చూసే మనిషి ఒకడుంటాడు. అతను ఫోన్లో సై అన్నాకే మేనేజర్ సవాలు చేస్తాడు. పుచ్చు గింజలు ఏరి దోసిట్లో పోసుకుని, బస్తా అంతా పుచ్చే అంటే ఎలా?

ఇక నాకు ఆసక్తి కలిగించిన విషయానికి వస్తాను. కెమెరా చూపించేది నిజమేనా? మేజర్ లీగ్ ఆటగాడు సగటున సెకనుకు 27 అడుగుల వేగంతో పరుగెత్తుతాడు. మామూలు కెమెరా సెకనుకు 60 ఫ్రేములు తీస్తుందనుకుందాం. 27ని 60తో భాగిస్తే 0.45 అడుగు, అంటే దాదాపు అయిదున్నర అంగుళాలు. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య కాలు అయిదున్నర అంగుళాలు జరిగిపోతుంది. ఆ మధ్యలో ఏం జరిగిందో కెమెరాకు తెలియదు. 300 ఫ్రేములు తీసే కెమెరా అయితే ఆ ఖాళీ ఒక అంగుళానికి తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

అంపైర్ పద్ధతి వేరు. మొదటి బేస్ దగ్గర అతను కళ్లు కాలు మీద పెట్టి, బంతి గ్లవ్‌లో పడే చప్పుడు చెవితో వింటాడు. ఒకేసారి రెండు చోట్ల చూడలేడు గనుక ఈ ఉపాయం. బేస్‌కు 18 అడుగుల దూరంలో నిలబడ్డాడనుకుంటే, సెకనుకు 1125 అడుగులు పోయే ధ్వని అతని చెవికి చేరడానికి సుమారు సెకనులో అరవయ్యో వంతు పడుతుంది. సరిగ్గా ఒక ఫ్రేము కాలం! ఈ లెక్క వేసి చూసుకున్నప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. జాయిస్ పొరపాటు ఇంత సన్నటిది కాదు. అంగ అంటే మూడడుగులనుకుంటే, అది ఆరేడు ఫ్రేముల తేడా. అలాంటి తప్పు దిద్దడానికి కెమెరా కావలసిందే. తేడా ఒక ఫ్రేముకు లోపలే అయితే కంటికీ తెలియదు, యంత్రానికీ తెలియదు.

నియమం రాసినవాళ్లు ఈ సంగతి ఎరిగే రాశారు. స్పష్టమైన ఆధారం ఉంటేనే మైదానంలో చెప్పిన తీర్పు మార్చాలి. తప్పని గాని ఒప్పని గాని తేలకపోతే అంపైర్ మాటే ‘నిలుస్తుంది’. క్రికెట్‌లో ‘అంపైర్స్ కాల్’ కొంత ఇలాంటిదే. చాలామంది ఈ పద్ధతిని వెక్కిరిస్తారు. మా ఊళ్లో గట్టు తగాదా వచ్చి సర్వేయరు గొలుసు పట్టినా, వేలెడు తేడాకు హద్దురాయి పీకరు. గొలుసు కూడా సాగుతుందని అందరికీ తెలుసు. గజం తేడా వస్తేనే రాయి కదులుతుంది.

నాకు నచ్చనిది ఇంకొకటుంది. ఆటగాడు జారుకుంటూ వచ్చి బంతికన్న ముందే బేస్ అందుకుంటాడు. వచ్చిన ఊపుకు రెప్పపాటు సేపు అతని ఒళ్లు బేస్ మీద నుంచి లేస్తుంది. ఆ రెప్పపాటులో ఫీల్డర్ గ్లవ్ తగిలి ఉంటే నియమం ప్రకారం అవుటే. ఏ అంపైర్ కంటికీ సరిగా ఆనని ఆ సందును స్లో మోషన్ పట్టిస్తోంది. దాంతో ఫీల్డర్లు గ్లవ్ తియ్యకుండా అదిమి పట్టుకోవడం నేర్చుకున్నారు. కొలవబోతే కొలిచే వస్తువే మారిపోయింది! బేస్‌ను ముందు అందుకున్నవాణ్ణి ఆ ఒక్క ఎగురుకు శిక్షించకూడదని నా వాదన. హాస్టల్లో దీని మీద నాతో ఏకీభవించినవాడు ఒక్కడూ లేడు.

ఆలస్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2023 నుంచి మేనేజర్ 15 సెకన్లలో సవాలు చెయ్యాలి. ఆ గొడవ చాలావరకు తగ్గింది.

2026 సీజన్ నుంచి బాల్, స్ట్రైక్ తీర్పులను కూడా సవాలు చేసే వీలు కల్పించారు. బ్యాటర్, పిచర్, క్యాచర్ – ఈ ముగ్గురిలో ఒకరే, వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టి అడగాలి. బయటివాళ్ల సాయం పనికిరాదు. జట్టుకు రెండు సవాళ్లు. నెగ్గితే అది ఖర్చు కాదు. స్ట్రైక్ జోన్ పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింది అంచు 27 శాతం. అందుకోసం ఆటగాళ్ల చేత బూట్లు విప్పించి ఎత్తులు కొలిచారు. 12 కెమెరాలు బంతి దారిని లెక్కగట్టి కొద్ది సెకన్లలో బొమ్మ వేస్తాయి. పద్ధతి నాకు నచ్చింది. అయితే ఇక్కడ ‘నిలుస్తుంది’ అనే మూడో మాట లేదు. బంతి అంచు గీతకు వెంట్రుకవాసి తగిలినా స్ట్రైకే. ప్రయోగశాలలో రీడింగు పక్కన ప్లస్ ఆర్ మైనస్ రాయకపోతే మా లెక్చరరు గారు రికార్డు తిప్పి కొడతారు. తెర మీద ఆ బొమ్మ పడగానే నా కళ్లు ముందుగా వెతికేది దాని పక్కన ఉండాల్సిన ఆ అంకె కోసమే.